కొత్వాలు నిలిపిన ఇల్లు... సురవరం దిద్దిన పిల్లలు

హాస్టల్ పెద్ద అంటే గదులు కేటాయించి, హాజరు పట్టీ చూసి, రాత్రికి గేటు తాళం వేయించే మనిషేనా? వందేళ్ల కింద హైదరాబాదులో ఒక యువకుడు ఆ పనిని ఎంత ఎత్తుకు తీసుకెళ్లాడో చెప్పే గాథ ఇది. ఇందులోని తండ్రీకొడుకులు, హాస్టల్లోని సీనియర్ మాత్రం కల్పిత పాత్రలు. ఆ రోజుల్లో పల్లెల నుంచి పట్నానికి చదువుకోసం వచ్చిన ఎందరో వాళ్లలో ఉన్నారు. మిగతా పేర్లు, తేదీలు, సంఘటనలు చరిత్రలోవి.

చెంబు మీద పేరు

1920ల నడిమి సంవత్సరాలు. జూన్ నెల. బేగంబజార్‌లో అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. అడ్తి దుకాణాల ముందు బండ్ల మీంచి చింతపండు బస్తాలు దిగుతున్నాయి. ఎండుమిర్చి ఘాటుకు హమాలీలు తుమ్ముకుంటూనే మోస్తున్నారు. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు దానమిచ్చిన నేల ఇది. ఆ పేరే బజారుకు నిలిచింది. తెలంగాణ పల్లెల్లో పండిన పంట ఇక్కడికొచ్చి రూపాయలవుతుంది.

పాలమూరు జిల్లా రైతు ఒకాయన కాటా అయిపోయాక సేటు చేతిలోంచి హాలీ సిక్కా రూపాయలు లెక్కపెట్టి తీసుకుని రుమాలు కొసన ముడివేసుకున్నాడు. పక్కన పద్నాలుగేళ్ల కొడుకు. చేతిలో రేకు పెట్టె.

"ఏమేం సామాన్లు తెచ్చుకొమ్మన్నరు రా హాస్టల్ల?"

"బొంత, పల్లెం, చెంబు నాయినా."

ఇత్తడి సామాన్ల దుకాణంలో బేరం తెగింది. చెంబు మీద పేరు కొట్టించాలి, లేకపోతే పదిమంది పిల్లల్లో ఎవరిది ఎవరికి పోతుందో తెలియదు. దుకాణం అరుగు మీద ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఉర్దూమే?"

"కాదు, తెలుగుల కొట్టు."

అప్పుడు తల ఎత్తాడు. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. కుర్రాడే సుద్దముక్క తీసుకుని చెంబు మెడ కింద తన పేరు రాశాడు. ఆ గీతల వెంట ఉలి నడిచింది. చుక్కలు చుక్కలుగా పేరు తేలింది.

"నాయినా, ఆడ అందరు ఉర్దూల్నే మాట్లాడ్తరంట గద?"

"మాట్లాడ్తె మాట్లాడనీ. నువ్వు నేర్సుకో. గనీ మనది మర్సిపోకు బిడ్డా. ఆడ మనోళ్లు పెద్దలున్నరు. వాళ్లు చెప్పినట్టు విను."

ఆ పెద్దలున్న చోటు బేగంబజార్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. ఆబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్.

చప్పట్లతో నోరు మూయించిన సభ

ఆ తండ్రి మాటలో ఎంత బరువుందో తెలియాలంటే నాలుగైదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1921 నవంబరు 12. బేగంబజార్‌కు దగ్గర్లోనే, వివేకవర్ధని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కర్వే. వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. సభ విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో కొందరు గేలి చేశారు, చప్పట్లు చరిచి ఆయనను ముందుకు సాగనివ్వలేదు.

రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడే భాషకు రాజధాని నడిబొడ్డున దక్కిన మర్యాద అది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటివాళ్లు అందులో ఉన్నారు. తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగిన ఉద్యమానికి అదే పునాది.

పండితులకే ఈ గతి పడితే పల్లె నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడి మాటేమిటి? బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. 1918లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. పట్నంలో తలదాచుకునే చోటు లేక, పూట గడవక చదువు మధ్యలో వదిలేసి ఊరి బాట పట్టిన పిల్లలెందరో. ఉండటానికి చోటు, తిండికి తీరు, తన మాట మాట్లాడే నలుగురు తోటివాళ్లు ఉంటే తప్ప ఆ పిల్లవాడు నిలబడలేడు.

పోలీసు పెద్ద చేతిలో పిల్లల ఇల్లు

ఈ సంగతి గ్రహించిన మనిషి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. 1869 ఆగస్టు 22న పుట్టారు. పోలీసు శాఖలో అంచెలంచెలుగా ఎదిగి 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. కొత్వాలు అంటే ఇవాళ్టి లెక్కలో పోలీసు కమిషనర్. నిజాం రాజధానిలో ఒక హిందువు ఆ కుర్చీలో కూర్చోవడం అప్పటికి అరుదైన విషయం. 1934 దాకా, 14 ఏళ్లు, ఆ పదవిలో ఉన్నారు.

కొత్వాలు కావడానికి రెండేళ్ల ముందే, 1918లో, ఆయన చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది. సంస్థానాధీశులు, సంపన్నులు చేయివేశారు. పేరులోనే కులం ఉంది. ఆ రోజుల్లో చందాలు పోగయ్యేది కులం పేరు మీద. పిల్లవాణ్ని పట్నంలో వదిలేసి వెళ్లే తల్లిదండ్రులకు భరోసా కలిగేదీ ఆ పేరు మీదే. వైశ్యులు, మున్నూరుకాపులు, గౌడులు, పద్మశాలీలు ఇదే పద్ధతిలో తమ పిల్లలకు హాస్టళ్లు కట్టుకున్నారు. తెలంగాణలో రెండు మూడు తరాల చదువు ఈ హాస్టళ్ల పంచన సాగింది.

అయితే ఇంత మందిని ఒకచోట చేర్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఒకే కులం, ఒకే ఈడు, ఒకే కప్పు కింద బతికే పిల్లలు అన్నదమ్ముల్లా అల్లుకుపోతారు. ఆ అల్లిక మంచికీ పనికొస్తుంది, చెడుకీ పనికొస్తుంది. బయటివాడంటే చులకన, కొత్తగా వచ్చినవాడంటే ఆట, మనవాడు తప్పుచేసినా వెనకేసుకు రావడం కూడా ఆ అల్లికలోనే మొలకెత్తుతాయి. ఏది మొలకెత్తాలో చూసుకునే తోటమాలి ఒకడు కావాలి.

ముప్పై నిండని కార్యదర్శి

కొత్వాలు ఎంచుకున్న మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1896 మే 28న పాలమూరు సీమలో పుట్టారు. మద్రాసులో బి.ఏ., బి.ఎల్. చదివారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు వచ్చు. న్యాయవాదిగా నల్లకోటు వేసుకుంటే నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. ఆయన రెడ్డి హాస్టల్ కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ముప్పై నిండలేదు. పెద్ద తరగతుల పిల్లలకూ ఆయనకూ మధ్య వయసు తేడా పదేళ్ల పైచిలుకు, అంతే.

బేగంబజార్‌లో చెంబు కొనుక్కున్న మన కుర్రాడు ఈ ఇంట్లోకే వచ్చాడు. మొదటి వారం రాత్రుళ్లు బొంత కప్పుకుని ఏడ్చాడు. రెండో వారం, జొన్నరొట్టె తినే ఊరివాళ్లెవరో, అన్నం తినే ఊరివాళ్లెవరో గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. మూడో వారం ఒక సీనియర్ చేయి పట్టుకుని పుస్తకాల గదికి తీసుకెళ్లాడు.

"ఇవన్నీ తెలుగు పుస్తకాలేనా అన్నా?"

"తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ... అన్నున్నయ్. నీకేది గావాల్నో తీస్కో. మల్ల ఆడ్నే పెట్టాలె."

"పైసలియ్యాల్నా?"

"సదువాలె. గంతే."

బల్ల మీద ఆ రోజే వచ్చిన పేపరు మడత విప్పకుండా ఉంది. కుర్రాడు కూడబలుక్కుని చదివాడు. గోలకొండ పత్రిక.

"ఇది మన సెక్రటరీగారు నడిపే పేపరేరా" అన్నాడు సీనియర్.

1926 మే 10న సురవరం స్థాపించిన పత్రిక అది. వారానికి రెండుసార్లు వచ్చేది. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడమంటే ప్రతి అక్షరం మీదా సర్కారు కన్ను ఉంటుందని తెలిసి నడపడం. పిల్లలకు కళ్లెదుట కనబడుతున్న పాఠం ఇదే. తమ తిండీ తిప్పలూ చూసుకునే పెద్దమనిషి, తమ భాష కోసం రాజధానిలో నిలబడి రాస్తున్నాడు. హాస్టల్ గ్రంథాలయాన్ని ఆయన శ్రద్ధగా తీర్చిదిద్దారు. జాతీయ భావాలు పిల్లల్లో నాటింది కూడా ఆ ఇంట్లోనే.

ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. హాస్టల్ స్థాపకుడు నిజాం ప్రభుత్వపు పోలీసు పెద్ద. కార్యదర్శి ఆ ప్రభుత్వానికి కంటగింపు కలిగించే పత్రికా సంపాదకుడు. ఇద్దరి మధ్యా పిల్లలు. ఒకరు పిల్లలకు నీడనిచ్చారు, మరొకరు ఆ నీడలోంచి బయటి వెలుగు చూపించారు. ఈ రెండింటినీ ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కాపాడుకొచ్చిన ఓర్పు చిన్నది కాదు. వాళ్లమధ్య గౌరవం చెక్కుచెదరలేదు. 1939లో వెంకటరామారెడ్డి జీవిత చరిత్రను రాసింది సురవరమే.

ఎగతాళికి ఎదురుగా 354 మంది

తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాశాడు. సురవరం దానికి వాదనతో జవాబు చెప్పి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేయించారు. ఎగతాళి చేసినవాడి మీద విరుచుకుపడకుండా పనిచేసి చూపించడం ఎలాగో ఆ తరం విద్యార్థులకు అంతకన్నా బాగా ఎవరు నేర్పగలరు? చెప్పిన నీతులు పిల్లలు మర్చిపోతారు. పెద్దవాడు కోపాన్ని ఏ దారికి మళ్లించాడో మాత్రం మర్చిపోరు.

1943 మేలో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు పురుడు పోసుకున్నది ఈ రెడ్డి హాస్టల్‌లోనే. పిల్లలు పడుకునే ఇల్లు ఒక భాషకు సభాస్థలి అయింది.

ఆ మార్చి నెల

హాస్టల్లో పెరిగిన పిల్లల్లో రావి నారాయణరెడ్డి ఒకరు. 1908లో, నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో, కలిగిన భూస్వామి ఇంట పుట్టారు.

1930 మార్చి. నెల మొదట్లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షత వహించింది సురవరం ప్రతాపరెడ్డి. అదే నెల 12న గాంధీజీ సబర్మతి నుంచి దండికి నడక మొదలుపెట్టారు. ఉప్పు సత్యాగ్రహం కోస్తా అంతటా అంటుకుంది. రావి నారాయణరెడ్డి చదువు పక్కనపెట్టి కాకినాడ వెళ్లి సత్యాగ్రహంలో చేరారు.

హాస్టల్ కార్యదర్శికి ఇది కఠిన పరీక్ష. పిల్లవాణ్ని చదువుకోసం తల్లిదండ్రులు పంపారు. వాడు చదువు వదిలి ఉద్యమంలోకి పోతే రేపు ఆ తండ్రికి ఏం జవాబు చెప్పాలి? అయినా సొంత లాభం దాటి ఆలోచించమని నూరిపోసిన ఇంట్లోంచి సొంత లాభం కాలదన్నినవాడు బయటికి వచ్చాడంటే ఆ ఇల్లు తన పని చేసినట్టే.

తర్వాతి కథ తెలంగాణకు తెలిసిందే. రావి నారాయణరెడ్డి హరిజన సేవక సంఘం పనిలోకి దిగారు. దళిత పిల్లలకు బడులు, హాస్టళ్లు నడిపారు. 1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. దొరల మీద, దేశ్‌ముఖ్‌ల మీద తిరగబడ్డ రైతాంగ పోరాటానికి నాయకులయ్యారు. తన సొంత భూమి 500 ఎకరాలు పేదలకు పంచారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి గెలిచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు.

భూస్వాముల పిల్లలు చదువుకున్న కుల హాస్టల్ నుంచి, భూస్వామ్యాన్ని ఎదిరించిన నాయకుడు వచ్చాడు. ఒకే కులం పిల్లలు చేరిన ఇంట్లో పెరిగినవాడు, ఏ కులం ఇల్లూ చేర్చుకోని పిల్లలకు హాస్టల్ పెట్టాడు. సురవరం పని ఫలించిందనడానికి నాకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

గోడకు అవతల

ఇంత చెప్పాక, గోడ సంగతీ చెప్పాలి. కులం పేరుతో కట్టిన ఏ ఇంటికైనా లోపల ఎంత ఆప్యాయత ఉన్నా, బయట నిలబడ్డవాళ్లుంటారు. అదే పట్నంలో, బేగంబజార్‌కు ఎంతో దూరం కాని ఇసామియా బజార్‌లో, భాగ్యరెడ్డి వర్మ 1910లోనే దళిత పిల్లలకు బడి పెట్టారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, మాల మాదిగ వాడల్లో చైతన్యం నింపిన మనిషి ఆయన. బడుల సంఖ్యను 26 దాకా పెంచారు. ఆయన వెనక సంస్థానాధీశుల వరుస లేదు. ఆడపిల్లలూ ఆ గోడ అవతలే ఉన్నారు. వాళ్ల కోసం 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమ పాఠశాలను నిలబెట్టినవారు మాడపాటి హనుమంతరావు. కొత్వాలు పేరు మీద నారాయణగూడలో మహిళా కళాశాల 1954లో వచ్చింది.

సురవరం కూడా చివరికి గోడ అవతలి జీవితాన్నే చరిత్రగా రాశారు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలకు పెద్దపీట లేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ నమ్మకాలతో బతికారు అన్నదే ఆ పుస్తకం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తొలి పురస్కారం దానికి ఇచ్చింది. అప్పటికి ఆయన లేరు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

తలుపు మూసినవాళ్లు, తెరిచినవాళ్లు

హాస్టల్ పెద్దలు ఇంకోలా కూడా ప్రవర్తించగలరు. 1938 చలికాలం. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడారు. అధికారులు కూడదన్నారు. పిల్లలు మానలేదు. హాస్టళ్లలోంచి, తరగతుల్లోంచి వందల మందిని వెళ్లగొట్టారు. చదువు మధ్యలో, చలిలో, పెట్టెలు నెత్తిన పెట్టుకుని రోడ్డున పడ్డారు.

వాళ్ల కోసం తలుపు తీసింది నాగపూర్ విశ్వవిద్యాలయం. అక్కడి వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ ఈ పిల్లలను చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. అలా నాగపూర్ దారి పట్టినవాళ్లలో వరంగల్ నుంచి పి.వి. నరసింహారావు ఒకరు. ఒక విశ్వవిద్యాలయం గెంటేసిన విద్యార్థి దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. పిల్లల గుంపును చూసి ఒక అధికారి తిరుగుబాటును చూశాడు. మరొక అధికారి అదే గుంపులో విద్యార్థులను చూశాడు. తేడా అంతా ఆ చూపులోనే ఉంది.

ఇవాళ్టి వార్డెన్లకు ఒక మాట

ఇప్పుడు మన పిల్లలు అమెరికాకు వెళ్తున్నారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఫ్రాటర్నిటీలు, సొరోరిటీలు ఉంటాయి. కుర్రాళ్ల సంఘాలు, అమ్మాయిల సంఘాలు. ఒకే ఇంట్లో ఉంటారు, జీవితాంతం అన్నదమ్ములమని, అక్కచెల్లెళ్లమని చెప్పుకుంటారు. తెల్లవాళ్ల సంఘాలు తమను రానివ్వకపోతే 1906లో కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మన హాస్టళ్ల కథకు ఇది దగ్గరి చుట్టం. ఈ సంఘాల మంచిచెడ్డలు చూడటానికి అక్కడి విశ్వవిద్యాలయాలు జీతమిచ్చి సలహాదారులను పెట్టుకుంటాయి. అయినా 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, కొత్తవాళ్లకు బలవంతంగా తాగించిన రాత్రి, 19 ఏళ్ల కుర్రాడు మెట్ల మీంచి పడ్డాడు. తోటివాళ్లు గంటల తరబడి వైద్య సాయం పిలవలేదు. అతను బతకలేదు. 2024 డిసెంబరులో అమెరికా ఈ వేధింపుల మీద దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది.

మనకూ చట్టాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో హిమాచల్‌లో ఒక వైద్య విద్యార్థి ప్రాణం పోయాక యూజీసీ కఠిన నిబంధనలు తెచ్చింది. హాస్టల్ అన్నాక పూర్తికాలపు వార్డెన్ ఉండాలని, ఏ వేళప్పుడైనా పిల్లలకు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. ఆచరణలో చాలాచోట్ల అది పాఠాలు చెప్పే అధ్యాపకుడి మెడకు తగిలించిన అదనపు పని. మనసు పెట్టేవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లకు సమయం ఇవ్వం, గౌరవం ఇవ్వం. ఏదైనా జరిగిన రోజున మాత్రం వాళ్లనే నిలదీస్తాం.

ఒక కుర్రాడు ఇల్లు వదిలి వచ్చిన మొదటి నెలలో ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎవరి మాట విన్నాడో, ఎవరిని చూసి నవ్వడం నేర్చుకున్నాడో అదే అతని జీవితాన్ని చాలావరకు తేలుస్తుంది. ఆ నెలలో అతని దగ్గర ఉండే పెద్దవాడు విశ్వవిద్యాలయంలో చిన్న ఉద్యోగి కాడు. ప్రొఫెసర్‌ను ఎంపిక చేసినంత జాగ్రత్తగా వార్డెన్‌ను ఎంపిక చేయాలి. పుస్తకం చదివే మనిషిని, పిల్లల పేర్లు గుర్తుండే మనిషిని, తమ గుంపును దాటి ఆలోచించడం తన బతుకులో చేసి చూపే మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. అతనికి అదే పూర్తి ఉద్యోగం కావాలి.

సురవరం ప్రతాపరెడ్డిని మనం పత్రికా సంపాదకుడిగా, పరిశోధకుడిగా, వనపర్తి శాసనసభ్యుడిగా తలుచుకుంటాం. రెడ్డి హాస్టల్ కార్యదర్శి అన్న మాట ఆయన జీవిత చరిత్రల్లో ఒక వాక్యంలో దాటిపోతుంది. ఆ వాక్యానికి ఒక అధ్యాయమంత విలువ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి హాస్టల్ వార్డెన్ ఆ అధ్యాయం చదవాలి, ఆ వార్డెన్‌ను నియమించేవాళ్లు అంతకన్నా ముందు చదవాలి.